ప్రసాదం తిన్న చేత్తో సాక్షి సంతకం

తలుపు మీద కాగితం

సరోజిని గారి తలుపు మీద బ్యాంకు వాళ్ళు కాగితం అంటించారన్న కబురు నాకు మొదట తెచ్చింది బబిత. ఢిల్లీ పక్కన వైశాలిలో మా ఇంట్లోనూ, వెనక బ్లాకులో సరోజిని గారింట్లోనూ గిన్నెలు తోమే మనిషి. చదువు లేదు గానీ, ఏ ఇంట్లో ఏం జరుగుతోందో ఆ ఇంటివాళ్ళకన్నా ముందు ఆమెకే తెలుస్తుంది.

"దీదీ, మూడో అంతస్తు మద్రాసీ మేడమ్ తలుపు మీద పెద్ద కాగితం అంటించి, ఫొటో తీసుకుని పోయారు. మేడమ్ పిలిస్తే పలకడం లేదు. సాబ్ బాల్కనీలో కూర్చుని గోడకేసి చూస్తున్నాడు."

"మద్రాసీ కాదు బబితా, తెలుగు."

"అదే దీదీ, మద్రాసీ."

ఈ ఒక్క విషయంలో నేను ఢిల్లీ చేతిలో ఎప్పుడో ఓడిపోయాను. గిన్నె తోముతూ తోముతూ ఆమె ఇంకో మాట అంది. "కాగితం అంటించినవాళ్ళు గేటు దాటారో లేదో, ఇంకో ఇద్దరొచ్చి తలుపు కింద నుంచి కార్డులు తోశారు. ఒకడు నన్నే ఆపి అడిగాడు, 'లోపల ఏడుస్తున్నారా, పోట్లాడుకుంటున్నారా?' అని. ఏడుస్తుంటే ఏంటంట, పోట్లాడుకుంటే ఏంటంట?"

ఏడుస్తుంటే భార్యతో మాట్లాడతారు. పోట్లాడుకుంటుంటే భర్తతో మాట్లాడతారు. వాళ్ళ వ్యాపారంలో అది మొదటి పాఠం. ఆ సంగతి అప్పటికే నాకు తెలుసు. తెలిసి కూడా నేను ఏం చేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. వకీళ్ళ దగ్గరా, సలహా కేంద్రాల్లోనూ కొత్తగా కుర్చీలో కూర్చోబోయే పిల్లలు చదవాలని.

మున్షీ పని

ఢిల్లీలో వకీలు దగ్గర కాగితాలు చూసే గుమస్తాను మున్షీ అంటారు. సాకేత్‌లో మల్హోత్రా సాబ్ అనే వకీలు దగ్గర ఇరవై మూడేళ్ళు నేను మున్షీగా చేశాను. ఆడవాళ్ళు ఈ పనిలో తక్కువ. మొదట్లో వచ్చినవాళ్ళంతా నా మొహం చూసి, "మున్షీజీ లేరా?" అనేవారు. "నేనే," అంటే, "లేదు, మున్షీజీ," అని మళ్ళీ అడిగేవారు. ఓ రోజు మల్హోత్రా సాబ్ లోపల్నుంచి అరిచాడు. "ఆవిడే మున్షీజీ! మీసాలు కావాలంటే నా దగ్గరున్నాయి, ఇటు రండి!"

నేను బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడు కాలు బాగోక, మా నాన్నగారు పిఠాపురంలో ఇంట్లోనే చదివించారు. పాఠ్యపుస్తకాలు కొనే స్తోమత ఎప్పుడూ ఉండేది కాదు. అందుకని ఇంటికి వచ్చిన ప్రతి కాగితమూ నాకు పాఠమే. కరెంటు బిల్లు, రేషను కార్డు, శిస్తు రసీదు, ఎవరిదో పెళ్ళి శుభలేఖ. అర్థం చెప్పమనేవారు. చెప్పాక, "వెనక్కి తిప్పి చూశావా?" అనేవారు. ఆ భగవంతుడు నాకు ఇచ్చిన గురువు ఆయనొక్కరే. ఒక్కరైనా చాలినంత ఇచ్చాడని రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

ఉద్యోగంలో నేను చేసిన మొదటి తప్పు జాలిపడటం. ఒకాయన ఇంటి అప్పు నోటీసు తెచ్చి నా ముందు పెడితే, "కంగారు పడకండి, ఏం కాదు," అన్నాను. ఆయన నా మాట నమ్మి నోటీసు బీరువాలో పెట్టి హాయిగా నిద్రపోయాడు. బ్యాంకు మాత్రం నిద్రపోలేదు. అరవై రోజుల గడువు దాటాక మళ్ళీ వచ్చాడు. మల్హోత్రా సాబ్ నన్ను తిట్టలేదు. "మున్షీజీ, ఓదార్పు కావాలంటే గుడికి వెళ్తారు. మన దగ్గరికి తారీఖు తెలుసుకోవడానికి వస్తారు. మీరు తారీఖు చెప్పండి," అన్నాడు. మల్హోత్రా సాబ్ పిసినారి, కోపిష్ఠి, టీ కూడా మనల్నే తెప్పించమనే రకం. కానీ ఆ మాట చెప్పినందుకు ఆయనకి నేను జీవితాంతం ఋణపడి ఉంటాను.

ఆయన ఇంకో నియమం కూడా పెట్టాడు. జిడ్డు చేత్తో కాగితం ముట్టకూడదు. ఒకసారి నా పరాఠా మరక స్టాంపు పేపరు మీద పడితే, జడ్జిగారు దాన్ని వెలుగుకి పట్టి చూసి, "ఇందులో ఏం కూర?" అని అడిగారట. అప్పట్నుంచి తిన్న చేత్తో కాగితం ముట్టుకోవాలంటే నాకు వెన్నులో చలి పుట్టేది. ఈ మంచి అలవాటే నా కొంప ముంచింది. కాదు, సరిగ్గా చెప్పాలి. నా కొంప ముంచలేదు, సరోజిని గారి కొంప ముంచింది.

వాలేవాళ్ళు

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట వెనకటికొకడు. ఆయన మర్యాదస్తుడు. నిప్పడిగి ఊరుకున్నాడు. మా ఢిల్లీ చుట్టుపక్కల, కష్టమొచ్చిన ఇళ్ళ మీద వాలేవాళ్ళు ఆ మంట దగ్గర టికెట్లు అమ్ముతారు.

బ్యాంకు ఒక ఇంటిని స్వాధీనం చేసుకుంటే పేపర్లో ప్రకటన ఇవ్వాలి. అది చట్టం. అందరికీ తెలియాలని పెట్టిన చట్టాన్ని అందరికన్నా శ్రద్ధగా చదివేవాళ్ళు వీళ్ళే. అడ్రసుతో సహా అచ్చేసి ఇస్తుంటే వీధులు తిరగాల్సిన పనేముంది?

ఎన్నో రకాలవాళ్ళని చూశాను. ఒకడు వాస్తు చెప్పేవాడు. ఫ్రిజ్ ఈశాన్యంలో ఉండబట్టే వాయిదాలు ఆగాయనీ, ఆగ్నేయానికి మారిస్తే బ్యాంకు మనసు మారుతుందనీ చెప్పి ఫీజు పుచ్చుకున్నాడు. ఫ్రిజ్ మారింది. తరువాత ఇంటి యజమానీ మారాడు. ఇంకొకడు సూటు వేసుకుని వచ్చేవాడు. బ్యాంకు తన సొంత సొమ్ము ఇవ్వలేదు కాబట్టి అప్పే చెల్లదని పదహారు పేజీల నోటీసు తయారు చేసి అమ్మేవాడు. అందులో లాటిన్ ముక్కలుండేవి. అది చదివి మల్హోత్రా సాబ్ నవ్వలేక కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ నోటీసు పంపిన క్లయింటు మాత్రం నవ్వలేదు పాపం.

అందరికన్నా ప్రమాదం మంచివాళ్ళతో. అంటే మంచివాళ్ళలా కనిపించేవాళ్ళతో. "మీ ఇల్లు మీకే ఉంటుంది, మీరు అందులోనే ఉంటారు, బ్యాంకుతో నేను మాట్లాడతాను, ఈ కాస్త సంతకం పెట్టండి." ఆ కాస్త సంతకం పేరే ఢిల్లీ భాషలో 'సెట్'. అమ్మకపు ఒప్పందం, తరఫున వ్యవహరించే అధికార పత్రం, సొమ్ము ముట్టిందని రసీదు, ఇల్లు అప్పగించినట్టు ఉత్తరం, అన్నీ కలిపి ఒక కట్ట. బ్యాంకు తాకట్టులో ఉన్న ఇంటిని అలా కొంటే ఎవరికీ హక్కు రాదు. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు. వాళ్ళకి కావలసింది హక్కు కాదు, అడ్డం. ఆ కట్ట చేతిలో ఉంటే, రేపు మీరు ఇల్లు అమ్ముకోబోయినప్పుడు దారికి అడ్డంగా పడుకుని, "లేవాలంటే ఏమిస్తావ్?" అని అడగొచ్చు.

ఇవన్నీ నాకు తెలుసు. నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.

మూర్తి గారి మేనత్త

బబిత కబురు తెచ్చిన సాయంత్రమే సరోజిని గారింటికి వెళ్ళాను. ఆవిడ కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో తెలుగు అనువాదకురాలు. ఆయన సుబ్బారావు గారు బేర్ సరాయ్‌లో ఆంధ్రా మెస్ నడిపేవారు. సివిల్స్‌కి చదివే పిల్లలంతా అక్కడే తినేవారు. ఆయన సాంబారు తిని కలెక్టర్లయినవాళ్ళున్నారని చెప్పేవారు. ఆ సాంబారు వల్లే కానివాళ్ళూ ఉన్నారని నేననేదాన్ని. తరువాత కోచింగులన్నీ ఫోన్లలోకి వెళ్ళిపోయాయి, పిల్లలు గదులు ఖాళీ చేశారు, ఫ్లాటు మీద తెచ్చిన అప్పు మిగిలింది.

నేను వెళ్ళేసరికే మూర్తి సోఫాలో ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. నుదుట తిరుచూర్ణం, చేతికి పసుపు దారం, నోట్లో అచ్చమైన గోదావరి యాస. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"దణ్ణవండీ అమ్మా. తమరిది ఏ ఊరండీ?"

"పిఠాపురం."

"అయ్యబాబోయ్! మా మేనత్తది సామర్లకోటండీ. ఇంకేటి, మనం మనం ఒకటే!"

ఢిల్లీలో ముప్ఫై ఏళ్ళు ఉన్న మనిషికి ఆ 'ఇంకేటి' ఎంత పని చేస్తుందో మీకు చెప్పలేను. తరువాత ఆరా తీస్తే తేలింది. గుంటూరు వాళ్ళింట్లో ఆయన మేనత్తది తెనాలి, వరంగల్ వాళ్ళింట్లో హన్మకొండ. ఒక్క మేనత్త ఇన్ని ఊళ్ళలో కాపురం చేసిందంటే మహాతల్లి.

సంచిలోంచి తిరుపతి లడ్డూ తీసి ముక్కలు చేసి మా చేతుల్లో పెట్టాడు. కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాను. నేతిలో మునిగిన ముక్క, వేళ్ళన్నీ జిడ్డు. అప్పుడు తీశాడు కాగితాలు.

"బ్యాంకుతో మాట్లాడ్డానికి నాకో ఉత్తరం ఇస్తే చాలండి. పై పేజీ తెలుగులోనే రాయించానమ్మా, మనవాళ్ళకి అర్థమవ్వాలని."

నిజంగానే తెలుగు. ఢిల్లీలో ఒక లీగల్ కాగితం తెలుగులో ఉండటం నా ఇరవై మూడేళ్ళలో చూడలేదు. ముచ్చటేసి పైకి చదివాను. 'మా తరఫున బ్యాంకు వారితో సంప్రదింపులు జరుపుటకు' అని ఒక్క అక్షరం తప్పు లేకుండా ఉంది. సరోజిని గారు కూడా, "అనువాదం బాగుంది," అన్నారు. ఉద్యోగ ధర్మం కదా.

తరువాతి పేజీల కోసం చెయ్యి చాచబోయి, జిడ్డు గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాను. "చెయ్యి కడుక్కొస్తాను," అన్నాను.

"అదేంటమ్మా, తమకి తెలీదా? స్వామి ప్రసాదం తిన్న చెయ్యి వెంటనే కడక్కూడదు కదండీ. నేను తిప్పుతాను, తమరు చూడండి. ఇయ్యన్నీ దానికే ఇంగ్లీషు నకళ్ళండి."

తీర్థం పుచ్చుకున్న చెయ్యి కడగరు, తలకి రాసుకుంటారు. ప్రసాదానికి కూడా అదే శాస్త్రమని ఆయన అంటే, కాదనడానికి నాకు నోరు రాలేదు. నలుగురిలో దేవుడి మాట వస్తే నేను కాస్త మెత్తబడతాను, అది నా గుణం. ఆయన టపటపా తిప్పాడు. సంతకం గీతలు తప్ప నాకేం కనపడలేదు.

సుబ్బారావు గారు అడగ్గానే పెట్టేశారు. సరోజిని గారు పెన్ను పట్టుకుని ఆగారు. మూర్తి వైపు చూడలేదు. నా వైపు చూశారు.

"అక్కయ్యగారూ, ఏమంటారు?"

మూర్తి పెట్టిన రెండో లడ్డూ ముక్క నోట్లో ఉంది. తలూపాను.

ఆవిడ సంతకం పెట్టారు. కింద సాక్షి అని ఉన్నచోట నన్ను పెట్టమన్నాడు. "తమరు సాకేత్‌లో మున్షీగారట కదా, తమ సంతకం ఉంటే దానికో అందం!" పెన్ను పట్టుకోవడానికి కొంగుతో వేళ్ళు తుడుచుకున్నాను. పేజీ తిప్పడానికి తుడుచుకోవచ్చన్న బుద్ధి మాత్రం పుట్టలేదు.

పేపర్లో ఫ్లాటు నంబరు

ఆ తరువాత గేటు దగ్గర సరోజిని గారు కనబడితే, "ఎలా ఉందమ్మా?" అని అడిగాను. "మూర్తి గారు చూసుకుంటున్నారు అక్కయ్యగారూ. నెలనెలా ఆయనకే ఇస్తున్నాం, ఆయన బ్యాంకులో కడుతున్నారు," అన్నారు. "మంచిది," అన్నాను. ఆ 'మంచిది' అన్న మాటకి నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు. ఇరవై మూడేళ్ళ మున్షీ, "రసీదు చూపించారా?" అని అడగకుండా "మంచిది" అని మెట్రో ఎక్కి వెళ్ళిపోయింది.

పొద్దున్నే ఆఫీసులో పేపర్లలో వేలం ప్రకటనలు చూడటం నా పనే. ఒకరోజు అలా వేలు పెట్టి చదువుకుంటూ వెళ్తుంటే, వైశాలి, మా వెనక బ్లాకు, మూడో అంతస్తు, సుబ్బారావు గారి పేరు. వేలానికి నెలరోజులు కూడా లేదు. వేలు అక్కడే ఆగిపోయింది. మల్హోత్రా సాబ్, "ఏమైంది?" అంటే పేపరు మడిచి సంచిలో పెట్టుకున్నాను. సెలవడిగి సరోజిని గారి ఆఫీసుకి వెళ్ళి, ఆవిణ్ణి తీసుకుని బ్యాంకుకి వెళ్ళాను.

అక్కడి అధికారిణి చిన్నమ్మాయి, పాతికేళ్ళుంటాయేమో. ఫైలు తీసి విసుగ్గా అంది. "మేడమ్, ఇప్పుడా రావడం? మీ దగ్గర్నుంచి ఒక్క వాయిదా రాలేదు. వడ్డీ తగ్గించి, మిగతాది వాయిదాల్లో కట్టుకోమని, ఇల్లు మీకే ఉంచుతామని రెండుసార్లు రిజిస్టర్డ్ పోస్టు పంపాం. రెండూ తిప్పి పంపారు."

ఫైల్లోంచి రెండు కవర్లు తీసి బల్ల మీద పెట్టింది. 'తీసుకోవడానికి నిరాకరించారు' అని పోస్ట్‌మాన్ రాత. విప్పలేదు.

సరోజిని గారు మెల్లగా అన్నారు. "బ్యాంకు నుంచి ఏదొచ్చినా తీసుకోవద్దన్నారు మూర్తి గారు. తీసుకుంటే ఒప్పుకున్నట్టే అన్నారు."

పిల్లలూ, ఇది రాసి పెట్టుకోండి. తీసుకోకపోయినా చట్టం దృష్టిలో అందినట్టే. తీసుకోకపోతే అందులో ఏముందో తెలియని మనిషి మీరొక్కరే అవుతారు.

ఆవిడ అక్కడే కవరు చింపి చదివారు. గడువు అయిదు వారాల కిందటే అయిపోయింది. "నా పీఎఫ్ తీస్తే సరిపోయేది," అన్నారు. ఏడవలేదు. అనువాదానికి వచ్చిన కాగితం చదివినట్టు, మొదట్నుంచి చివరిదాకా ఇంకోసారి చదివారు.

ఆ అమ్మాయి గొంతు కొంచెం మెత్తబడింది. "ఆంటీ, మీరు చదువుకున్నవారు. అలాంటివాడికి ఎలా సంతకం పెట్టారు? ఎవరు పెట్టమన్నారు?"

నేను పక్కనే కూర్చుని ఉన్నాను.

"ఎవరూ పెట్టమనలేదు. నేనే చదవలేదు," అన్నారు సరోజిని గారు.

పాత గడువు తిరిగి ఇవ్వడం తన చేతిలో లేదని ఆ అమ్మాయి పైవాళ్ళని అడిగి మరీ చెప్పింది. ఒక్కటి మాత్రం చేయగలనంది. మంచి కొనుగోలుదారుణ్ణి మీరే తెచ్చుకుంటే, వేలం ఆపి, మీరే సరైన ధరకి అమ్ముకోవడానికి బ్యాంకు ఒప్పుకుంటుంది. వేలంలో పోతే ఇంటితో పాటు చేతిలో మిగలాల్సింది కూడా పోతుంది. ఆ అమ్మాయి పేరు ఇక్కడ రాయను, ఉద్యోగంలో ఉంది. దేవుడు చల్లగా చూడాలి.

మెట్రోలో వస్తూ అడిగాను. "నా పేరెందుకు చెప్పలేదు?"

"చెబితే ఇల్లు వస్తుందా అక్కయ్యగారూ?" అన్నారు. అంతే. తరువాత స్టేషన్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం.

అఫిడవిట్టు

కొనుగోలుదారులు తొందరగానే దొరికారు. నోయిడాలో ఉద్యోగం చేసే కుర్ర దంపతులు, ఇల్లు నచ్చింది, బ్యాంకుకీ నచ్చారు. సరిగ్గా అప్పుడు మూర్తి బావమరిది కట్ట పట్టుకుని దిగాడు. "ఈ ఇల్లు నేను కొన్నాను, పూర్తి సొమ్ము ముట్టజెప్పాను, ఇదిగో రసీదు. కింద సాక్షి సంతకం చూడండి, సాకేత్ మున్షీగారిది." కొనేవాళ్ళు భయపడి వెనక్కి తగ్గారు. వేలం తేదీ దగ్గరకొస్తోంది. దారికి అడ్డంగా పడుకోవడమంటే ఇదే. ఆ అడ్డానికి దిండు నా సంతకం.

ఆ దిండు లాగేయడానికి ఒక్కటే మార్గం. సొమ్ము చేతులు మారలేదని, పేజీలు చూపించలేదని, నేను చదవకుండా సంతకం పెట్టానని సాక్షిగా నేనే ప్రమాణం చేసి రాసివ్వాలి.

మల్హోత్రా సాబ్‌కి అన్నీ చెప్పాను. "మున్షీజీ, ఇది దాఖలైతే రేపటి నుంచి అవతలి వకీళ్ళందరూ మీ సంతకం చూసి నవ్వుతారు. మన పాత ఫైళ్ళు తవ్వుతారు. తెలుసా?"

"తెలుసు సాబ్. ఇది ఇచ్చి పని మానేస్తాను."

"లడ్డూ ఎలా ఉంది?"

"బాగానే ఉంది సాబ్."

"అదైనా నయం." రాసింది తీసుకుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. 'పొరపాటున చదవకుండా' అని నేను రాసినచోట ఎర్ర పెన్నుతో కొట్టేశాడు. "పొరపాటు కాదు. నిర్లక్ష్యం అని రాయండి. నిజం చెప్పడానికి బయల్దేరినప్పుడు సగం దారిలో దిగిపోకండి."

అలాగే రాశాను. ఇరవై మూడేళ్ళలో ఆయన దిద్దినవాటిలో నాకు అన్నిటికన్నా నొప్పి పుట్టించినదీ, అన్నిటికన్నా మేలు చేసినదీ ఆ ఒక్క ముక్క.

కబురు ఎలా చేరిందో గానీ, మర్నాడు మూర్తి ఫోను చేశాడు.

"ఏంటమ్మా ఇది? ప్రసాదం పెట్టిన చేతిని కరుస్తారా?"

"కరవలేదు నాయనా. ఆ చేతిలో ఇంకా ఏముందో చూపిస్తున్నాను."

"మనలో మనం అనుకుంటే పోయేదానికి పోలీసులు, కోర్టులు ఏంటండీ? మా మేనత్త వింటే ఎంత బాధపడుతుందో!"

"ఏ ఊరి మేనత్త? సామర్లకోట ఆవిడా, తెనాలి ఆవిడా?"

తరువాత అచ్చమైన ఢిల్లీ హిందీలో ఒక బూతు తిట్టి పెట్టేశాడు. గోదావరి యాస ఏమైందో తెలియలేదు.

అఫిడవిట్టు వెళ్ళింది, సరోజిని గారి ఫిర్యాదు వెళ్ళింది. సాక్షే అడ్డం తిరిగాక రసీదుకి విలువేముంది? బావమరిది మళ్ళీ కనపడలేదు. నోయిడా దంపతులు తిరిగొచ్చారు, వేలం ఆగింది. మూర్తి మీద కేసు నడుస్తోంది, మన కేసులు నడిచే నడక మీకు తెలిసిందే. ఆయన మాత్రం పరుగెడుతున్నాడు. ఈ మధ్య ఇందిరాపురంలో ఎవరింటికో వెళ్ళాడని విన్నాను. ఇప్పుడు లడ్డూ కాదట, వైష్ణోదేవి కొబ్బరి ముక్కలట. పంజాబీ వాళ్ళిల్లు. అక్కడ ఆయన మేనత్తది ఏ ఊరో ఏమో.

ప్రసాదం మీద నాకు కోపం లేదు. అది దేవుడిది, నేను ఇప్పటికీ కళ్ళకద్దుకునే తింటాను. తిన్నాక వెళ్ళి శుభ్రంగా చెయ్యి కడుక్కుంటాను. స్వామికి కోపం వస్తే నాతో చెబుతాడు, మధ్యలో మూర్తి ఎందుకు?

ఇల్లు అప్పగించిన రోజు

సరోజిని గారు ఇల్లు నిలుపుకోలేకపోయారు. ఈ సంగతి తీపి పూసి చెప్పను. గడువు దాటకముందే ఆ బ్యాంకు ఉత్తరం తీసుకుని ఉంటే ఆ ఇల్లు ఈరోజుకీ ఆవిడదే. బ్యాంకు అప్పు తీరింది, కొంచెం మిగిలింది, దాన్ని మూర్తి తినలేకపోయాడు. మేం సాధించింది అంతవరకే. ఇప్పుడు రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నారు. సుబ్బారావు గారు ఇంట్లోనే నలుగురైదుగురికి కేరేజీలు కడుతున్నారు. సాంబారు మాత్రం బాగుపడింది, ఆ సంగతి ఒప్పుకోవాలి.

ఇల్లు అప్పగించే రోజు పొద్దున వెళ్ళాను, సామాను దించడంలో సాయం చేద్దామని. చేయడానికి ఏమీ మిగల్లేదు. ఇల్లంతా కడిగించి, గోడలకున్న మేకులన్నీ తీయించి, కన్నాలు పూడ్పించారు. వంటింట్లో, స్నానాల గదిలో ప్రతి స్విచ్ కిందా చిన్న చిన్న కాగితం ముక్కలు అంటిస్తున్నారు. 'ఇది గీజర్. నీళ్ళు కాగడానికి పావుగంట పడుతుంది.' 'ఈ కుళాయి ఎడమకి తిప్పితేనే ఆగుతుంది.' 'వానలో ఈ కిటికీ మూయండి, గోడ చెమరుస్తుంది.' హిందీలో, ఇంగ్లీషులో, రెండు భాషల్లో, ఆఫీసు కాగితంలా తప్పు లేకుండా.

"ఎందుకమ్మా ఇదంతా?" అన్నాను.

"కొత్తవాళ్ళు అక్కయ్యగారూ. చిన్నపిల్లలు. ఎవరో ఒకరు చెప్పాలి కదా."

నేను క్షమించమని అడగడానికి వెళ్ళాను. మాట కూడబలుక్కుని మరీ వెళ్ళాను. ఆవిడ కత్తెర నా చేతికిచ్చి, "ఈ ముక్కలు కత్తిరించి పెట్టరూ, తొందరగా అయిపోతుంది," అన్నారు. నేను కూర్చుని కాగితాలు కత్తిరించాను. అడగాల్సింది అడగలేదు. ఆవిడా అడగనివ్వలేదు.

అక్షరం రాసే ముందు తారీఖు చూడండి, వెనక పేజీ చూడండి, మీ భాషలో ఉన్న పై పేజీని ఇంకాస్త అనుమానంగా చూడండి. ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నేను అడిగేది ఒక్కటే. ఎప్పుడో ఒకరోజు మీ బల్ల ముందు కూర్చున్న మనిషి చేతిలో పెన్ను పట్టుకుని ఆగుతుంది. ఎదుటివాడి వైపు కాక మీ మొహం వైపు చూస్తుంది. తల ఊపే ముందు సరోజిని గారిని ఒక్కసారి తలుచుకోండి.